పంటల ప్రణాళికలో పరిణామాత్మక గణనం: తిరిగి వాడుకోదగిన సాఫ్ట్‌వేర్ నిర్మాణం - చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఉదాహరణ

హైదరాబాదుకు పడమట, రంగారెడ్డి జిల్లాలో ఒకే రహదారి మీద ఉన్న మండలాలు మొయినాబాద్, చేవెళ్ల. నగరానికి కూరగాయలు, పూలు అందించడంలో రెండింటికీ పాత్ర ఉన్నప్పటికీ వీటి సేద్యం ఒకే తీరుది కాదు. చేవెళ్ల వైపు పత్తి, మొక్కజొన్న, కంది చేల నడుమ బోరు కింద టమాట, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు కాలానుగుణంగా మారుతూ ఉంటాయి. మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలో గులాబీ, జెర్బెరా వంటి పూలు ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఏ మడిలో, ఏ వారంలో, ఏ పంట వేయాలన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. ఆ ప్రశ్నకు సమాధానం వెతికే కంప్యూటర్ ప్రోగ్రాం మాత్రం తరచుగా ఒకచోట చక్కగా పనిచేసి, మరొకచోటికి తీసుకువెళ్లగానే నిలిచిపోతుంది. అలా ఎందుకు జరుగుతుంది, జరగకుండా ఎలా నిర్మించుకోవాలి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

సమస్య పరిమాణం

ఉదాహరణకు చేవెళ్ల మండలంలో 5 ఎకరాల కమతాన్ని ఊహించుకుందాం. దానిని 20 గుంటల చొప్పున 10 మడులుగా విభజించి, వానాకాలం, యాసంగి, వేసవి అనే మూడు కాలాలకూ 12 పంటలలో నుండి ఎంచుకోవలసి ఉన్నదనుకుంటే, ప్రతి ప్రణాళికలో 30 నిర్ణయాలు ఉంటాయి. ఒక్కొక్క నిర్ణయానికి 12 అవకాశాలు. మొత్తం ప్రణాళికల సంఖ్య 33 అంకెలది. క్షణానికి 10 లక్షల ప్రణాళికల చొప్పున పరీక్షించే యంత్రానికి సైతం అన్నింటినీ చూడడానికి 75 వేల కోట్ల కోట్ల సంవత్సరాలు పడుతుంది. పంటల సమస్యలో సరళరేఖకు ఒదగని సంబంధాలు, మార్పిడి నియమాలు, అవును-కాదు నిర్ణయాలు కలగలిసి ఉంటాయి కనుక, పాత లీనియర్ ప్రోగ్రామింగ్ పద్ధతి సులభంగా అందరాదు.

ఇటువంటి చోట్ల ఉపయోగపడేదే పరిణామాత్మక గణనం. 1960లలో బెర్లిన్‌లో ఇంగో రెషెన్‌బర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్, అమెరికాలో లారెన్స్ ఫోగెల్ వేర్వేరుగా ఈ దిశలో కృషి చేశారు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హాలండ్ 1975లో ప్రచురించిన గ్రంథంతో జన్యు అల్గారిథం అనే శాఖకు సైద్ధాంతికమైన పునాది ఏర్పడింది. వ్యవసాయ విద్యార్థికి ఇందులోని భావన కొత్తది కాదు. కొన్ని ప్రణాళికలను యాదృచ్ఛికంగా తయారుచేసి సమూహంగా ఉంచుతారు. ప్రతిదానికి యోగ్యత లెక్కిస్తారు. మెరుగైన వాటిని ఎంపిక చేసి సంకరపరుస్తారు. అక్కడక్కడ ఉత్పరివర్తనం కలిగిస్తారు. వచ్చిన సంతతితో మరల అదే పని, తరం తర్వాత తరం. ప్రజననశాస్త్రంలో ఎంపిక మరీ తీవ్రమైతే జన్యు వైవిధ్యం కుంచించుకుపోయినట్లే, ఇక్కడా తొందరపడి ఎంపిక చేస్తే సమూహమంతా ఒకే సాధారణ స్థాయి పరిష్కారం దగ్గర చేరి అక్కడే ఆగిపోతుంది. ఒక్క తేడా గమనించాలి: ప్రజనన క్షేత్రంలో యోగ్యతను ప్రకృతి నిర్ణయిస్తుంది. కంప్యూటర్‌లో మాత్రం ప్రోగ్రాం రాసినవారు రాసిన సూత్రమే ప్రకృతి. ఆ సూత్రం తప్పయితే ఎన్ని తరాలు గడిచినా ఫలితం తప్పే.

చేవెళ్లలో పనిచేసి మొయినాబాద్‌లో ఆగిన ప్రోగ్రాం

ఒక స్నాతకోత్తర విద్యార్థి పై కమతానికి ప్రోగ్రాం రాశాడనుకుందాం. 10 వరుసలు, 3 నిలువుల పట్టికగా ప్రణాళికను ఉంచాడు. పంటల ధరలు, నీటి అవసరాలు, బోరు సామర్థ్యం అన్నీ కోడ్‌లోనే అంకెలుగా రాశాడు. ఎంపిక, సంకరణం, యోగ్యత, ఫలితాల ముద్రణ ఒకే పెద్ద ఆవృత్తిలో కలిసిపోయాయి. ప్రోగ్రాం నడిచింది, పరిశోధన పత్రం పూర్తయింది. ఇంతవరకు ఫిర్యాదు చేయవలసినది లేదు.

మరుసటి ఏడాది మరొక విద్యార్థి దానినే మొయినాబాద్ పూల సాగుకు వాడదలచాడు. జెర్బెరా తోట రెండు మూడేళ్లు ఉంటుంది, గులాబీ ఇంకా ఎక్కువ కాలం. పక్క మడిలో కొత్తిమీర 40 రోజులకే చేతికి వస్తుంది. ఒక కాలానికి ఒక పంట అనే పట్టికలో ఈ రెండూ ఇమడవు. పట్టికను మార్చబోతే సంకరణం విరిగింది, దానిని సరిచేస్తే యోగ్యత లెక్క తప్పింది, అది చూసేసరికి ముద్రణ భాగం పనిచేయలేదు. చివరకు అతడు ప్రోగ్రాం మొత్తాన్ని మొదటి నుండి రాయవలసి వచ్చింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసాలతో పాటే అలమరాలకు చేరే ప్రోగ్రాంలలో అనేకం ఈ తీరువే అనడంలో అతిశయోక్తి లేదు. పరిశోధన పదిలంగా ఉంటుంది, పనిముట్టు మాత్రం ఒక్క పంటకాలంతో ముగిసిపోతుంది.

లోపం అల్గారిథంలో లేదు. మారేవి, మారనివి ఒకే ముద్దగా ఉండడమే లోపం. సమూహాన్ని నిర్వహించడం, ఎంపిక, తరాల లెక్క, ఉత్తమ పరిష్కారాల భద్రత రెండు మండలాల్లోనూ ఒకటే. ప్రణాళికను ఏ రూపంలో రాయాలి, దానిని ఎలా సంకరపరచాలి, దాని యోగ్యత ఎంత అనే మూడే మారతాయి. ఈ మూడింటినీ బయటనుండి అమర్చుకునే భాగాలుగా ఉంచితే, మొయినాబాద్ విద్యార్థి రాయవలసినది కొద్ది భాగమే.

రూపకల్పనకు ఆరు ప్రమాణాలు

కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ గాన్యే, మార్క్ పారిజో 2006లో ప్రచురించిన వ్యాసంలో ఇటువంటి సాఫ్ట్‌వేర్ సార్వత్రికతను కొలవడానికి ఆరు ప్రమాణాలు సూచించారు. పరిష్కారపు రూపం, యోగ్యత, సంకరణం-ఉత్పరివర్తనం వంటి క్రియలు, పరిణామ క్రమం - ఈ నాలుగూ వాడుకరి మార్చుకోగలిగినవై ఉండాలి. పరామితుల నిర్వహణ, ఫలితాల నమోదు అనే రెండింటికీ సరైన ఏర్పాటు ఉండాలి. వారు సీ ప్లస్ ప్లస్ భాషలో నిర్మించిన ఓపెన్ బీగిల్ ఈ సూత్రాలకు నమూనా. అదే ప్రయోగశాల నుండి 2012లో పైథాన్ భాషలో డీప్ అనే సాధనం వెలువడింది. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో షాన్ లూక్ జావాలో రూపొందించిన ఈసీజే, బహుళ లక్ష్యాల సమస్యలకు జేమెటల్, పైమూ కూడా ఉచితంగా లభిస్తున్నవే. కొత్తగా ఆరంభించే విద్యార్థి ఎంపిక ప్రక్రియను తానే మరల రాయడం వృథా ప్రయాస. అతని శ్రమ పంటను అర్థం చేసుకునే భాగంలోనే వెచ్చించబడాలి.

పరిష్కారపు రూపం విషయంలో మొయినాబాద్ ఉదాహరణనే కొనసాగిద్దాం. పట్టికకు బదులు ప్రతి మడికి ఒక జాబితా ఉంచవచ్చు: పంట పేరు, నాటే వారం, మడిలో ఉండే వారాల సంఖ్య. కొత్తిమీరకు 6 వారాలు, జెర్బెరాకు 130 వారాలు రాసినా రూపం చెడదు. జాబితా పొడవు మడికీ మడికీ మారవచ్చు. ఇక సంకరణం ఎక్కడ చేయాలి? రెండు ప్రణాళికలను ఎక్కడ పడితే అక్కడ కోసి అతికిస్తే, ఒక ప్రణాళికలోని గులాబీ తోట మధ్యలో మరొక ప్రణాళికలోని పాలకూర వచ్చి పడుతుంది. మడిని యూనిట్‌గా తీసుకుని, ఒకరి 3వ మడి జాబితాను మరొకరి 3వ మడితో మొత్తంగా మార్చుకుంటే పంట మార్పిడి క్రమం చెదరదు. టమాట వెంట మరల టమాటో వంగో రాకూడదన్న నియమం తల్లిదండ్రులలో ఉంటే సంతతిలోనూ నిలుస్తుంది. కంప్యూటర్ శాస్త్ర గ్రంథాలలో సంకరణ పద్ధతులు పుంఖానుపుంఖాలుగా ఉన్నప్పటికీ, ఒకే కుటుంబపు పంటలు వెంటవెంట వేస్తే ఎండుతెగులు పెరుగుతుందన్న సంగతి వాటికి తెలియదు. ఆ జ్ఞానాన్ని క్రియలలోకి చేర్చవలసినది వ్యవసాయ శాస్త్రవేత్తే.

ఏ ఒక్క అల్గారిథం అన్ని సమస్యలకూ ఉత్తమం కాజాలదని డేవిడ్ వోల్పెర్ట్, విలియం మెక్రెడీ 1997లో గణితపరంగా నిరూపించారు. ఒక పద్ధతిని తీసి మరొకటి అమర్చే వీలు తప్పనిసరి అనడానికి ఇదొక్కటే చాలు.

యోగ్యత: అసలు చిక్కు ఇక్కడే

యోగ్యత అంటే నికరాదాయం అని రాసివేయడం తేలిక. కాని నీరు చాలని ప్రణాళికను ఏమి చేయాలి? చాలామంది ఆదాయంలో నుండి కొంత జరిమానా తీసివేస్తారు. దీని ప్రమాదాన్ని లెక్కతో చూడవచ్చు. పై కమతంలో బోరు గంటకు 8,000 లీటర్లు ఇస్తుందనీ, రోజుకు 8 గంటలు నడుస్తుందనీ అనుకుందాం. 120 రోజుల యాసంగిలో లభించే నీరు 76.8 లక్షల లీటర్లు. ఎకరంపై ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. పంటకు 450 మిల్లీమీటర్లు కావాలంటే ఎకరానికి సుమారు 18.2 లక్షల లీటర్లు పడుతుంది. 20 గుంటల మడుల లెక్కన 4 ఎకరాలు మాత్రమే తడుస్తాయి.

ప్రోగ్రాంలో వెయ్యి లీటర్ల కొరతకు 20 రూపాయల జరిమానా రాశారనుకుందాం. 5 ఎకరాలూ నాటే ప్రణాళికకు కొరత సుమారు 14.26 లక్షల లీటర్లు, జరిమానా 28,520 రూపాయలు. ఎకరానికి నికరాదాయం 50,000 రూపాయలని పెట్టుకుంటే, నీరు లేని అయిదవ ఎకరం కాగితం మీద ఇంకా 21,480 రూపాయల లాభం చూపిస్తుంది. అల్గారిథం నిజాయితీగా ఆ ప్రణాళికనే ఉత్తమమని ఎంచుతుంది. పొలంలో మాత్రం ఉన్న నీరు 5 ఎకరాలకూ పలుచబడి, ఆ ఒక్క ఎకరమే గాక మిగిలినవీ పూతదశలో వాడుముఖం పడతాయి. జరిమానా పెంచితే సరిపోతుందా? మరీ పెంచితే పరిమితి అంచున ఉన్న మంచి ప్రణాళికలన్నీ మొదటి తరాల్లోనే నశిస్తాయి.

కాన్పూర్ ఐఐటీలో ఉన్నప్పుడు కల్యాణ్మయ్ దేబ్ 2000లో సూచించిన నియమం ఈ ఊగిసలాటను తొలగిస్తుంది: పరిమితులకు లోబడిన ప్రణాళిక, లోబడని దానికంటె ఎల్లప్పుడూ మెరుగు. రెండూ లోబడినవైతే ఆదాయం చూడాలి. రెండూ లోబడనివైతే తక్కువ ఉల్లంఘన ఉన్నది మెరుగు. జరిమానా అంకె అక్కరలేదు. అయితే సాఫ్ట్‌వేర్ యోగ్యతను ఒకే ఒక సంఖ్యగా భావించి నిర్మించబడి ఉంటే ఈ చిన్న నియమాన్ని కూడా చేర్చలేము. యోగ్యత అనేది సంఖ్యగా కాక, పోల్చదగిన వస్తువుగా ఉండాలనడంలో అర్థం ఇదే. రెండు ప్రణాళికలలో ఏది మెరుగు అన్న ప్రశ్నకు అది సమాధానం చెప్పగలిగితే చాలు, ఎంపిక భాగానికి లోపలి లెక్కతో పనిలేదు.

ఈ ప్రాంతంలో యోగ్యతకు మరొక కోణం కూడా ఉంది. 1920లో మూసీపై పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చిలో వెలువడిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాలలో మొయినాబాద్ మండలంలోని పలు గ్రామాలు, చేవెళ్లలోని కొన్ని ఉన్నాయి. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వులు మారినా నీటి వాలు మారదు. పూల తోటలలో వాడే నత్రజని, పురుగుమందుల అవశేషాలు జలాశయాల దిశగా పోయే అవకాశం అలాగే ఉంటుంది. కనుక ఆదాయం, నీటి వాడకం, పోషకాల నష్టం అనే మూడు లక్ష్యాలను విడివిడిగా లెక్కించాలి. దేబ్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2 పద్ధతి ఇటువంటి సందర్భంలో ఒకే సమాధానం ఇవ్వదు. ఒక లక్ష్యంలో మెరుగుపడాలంటే మరొక దానిలో కొంత వదులుకోక తప్పని ప్రణాళికల వరుసను ఇస్తుంది. రైతుకు అందులో నాలుగయిదు చూపి, ఎంత వదులుకుంటే ఎంత దక్కుతుందో వివరించడం విస్తరణ శాస్త్రవేత్త పని. మూడు లక్ష్యాలకూ భారాలు వేసి ముందే ఒక అంకెగా కలిపివేస్తే, ఆ నిర్ణయాన్ని రైతు తరఫున ప్రోగ్రాం రాసినవారు తీసుకున్నట్లే.

పరామితులు కోడ్ వెలుపల

కనీస మద్దతు ధరలు ఏటా మారతాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మండలాల జాబితాలు మారాయి. 2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. 2020 వానాకాలంలో నియంత్రిత సాగు పేరిట మొక్కజొన్న వేయవద్దని సూచించి, ఆ ఏడాది చివరకే ఆ విధానాన్ని విరమించారు. ఇవన్నీ కోడ్ లోపల అంకెలుగా ఉంటే ప్రతిసారీ ప్రోగ్రాం రాసినవారిని వెతుక్కోవలసి వస్తుంది. వేరే దస్త్రంలో, తేదీతోనూ మూలంతోనూ సహా రాసి ఉంచితే మండల స్థాయి అధికారి తానే సరిదిద్దగలడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దస్త్రంలో విద్యుత్తు గంటలు 8 నుండి 24కు మార్చగానే పై బోరు నీరు 76.8 లక్షల లీటర్ల నుండి 230.4 లక్షలకు ఎగబాకుతుంది. కరెంటు పెరిగినంత మాత్రాన భూగర్భజలం పెరగదు. కావున బోరు ప్రవాహంతో పాటు, ఆ కాలానికి తోడదగిన మొత్తం నీరు అనే మరొక పరిమితిని చేర్చాలి. పరిమితులను కూడా విడి భాగాలుగా ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక కొత్త భాగం చేర్చడమే, ఉన్న లెక్కను చెరపడం కాదు.

ఫలితాల నమోదు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. యాదృచ్ఛిక సంఖ్యల ఆరంభ విలువను నమోదు చేయకపోతే అదే ఫలితాన్ని మరల రాబట్టలేము. ఒక్క మడి దిగుబడిని చూసి రకాన్ని సిఫారసు చేసే శాస్త్రవేత్త ఎవరూ లేరు. అయినా ఒక్కసారి నడిపిన ప్రోగ్రాం ఇచ్చిన అత్యుత్తమ విలువను ఫలితంగా ప్రకటించే పత్రాలు కనిపిస్తూనే ఉంటాయి. కనీసం 30 పర్యాయాలు వేర్వేరు ఆరంభాలతో నడిపి మధ్యస్థ విలువను, వ్యాప్తిని ఇవ్వాలి.

అందరికీ ఒకే సలహా అయినప్పుడు

తిరిగి వాడుకోవడం తేలికైన కొద్దీ ఒక కొత్త ప్రమాదం పుడుతుంది. తెలంగాణలో వ్యవసాయ విస్తరణకు సుమారు 5,000 ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 క్లస్టర్లు ఏర్పాటయ్యాయి. ఒక క్లస్టర్‌లోని 500 మంది రైతులకు అదే సాఫ్ట్‌వేర్ ఒకే ధరల దస్త్రంతో నడిపితే, నేలలూ బోర్లూ దాదాపు ఒకటే కనుక సమాధానాలు కూడా దాదాపు ఒకటే వస్తాయి. ఒక్కొక్కరు 20 గుంటల టమాట వేసినా 250 ఎకరాలు. ఎకరానికి 10 టన్నులనుకుంటే 2,500 టన్నుల కాయ కొద్ది వారాల్లోనే బోయిన్‌పల్లి మార్కెట్టుకు చేరుతుంది. చామంతి విషయంలో అదే పరిస్థితి గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో ఎదురవుతుంది. ఏ ధరను నమ్మి ప్రణాళిక ఉత్తమమని తేలిందో, ఆ ధరను ఆ ప్రణాళికే పడగొడుతుంది. నిన్నటి ధర చూసి నేటి విస్తీర్ణం నిర్ణయించుకోవడం వలన ధరలు ఊయలలూగే తీరును 1938లో మోర్డెకాయ్ ఇజెకీల్ సాలెగూడు సిద్ధాంతంగా వివరించాడు. రైతులు విడివిడిగా చేసే ఈ పొరపాటును సాఫ్ట్‌వేర్ ఒక్క రాత్రిలో, ఒకే దిశగా చేయించగలదు.

దీనికి పరిష్కారం యోగ్యత భాగంలోనే ఉంది. ధరను స్థిరమైన అంకెగా కాక, ఆ వారం మార్కెట్టుకు వచ్చే మొత్తం సరుకుతో తగ్గే విలువగా రాయాలి. అప్పుడు ఒక రైతు ప్రణాళిక యోగ్యత మిగిలిన రైతుల ప్రణాళికల మీద ఆధారపడుతుంది. మిచెల్ పాటర్, కెన్నెత్ డి జాంగ్ 1994లో ప్రతిపాదించిన సహకార సహపరిణామ పద్ధతి ఇందుకు అనువైనది. చేవెళ్ల కూరగాయల కమతాలకు ఒక సమూహం, మొయినాబాద్ పూల కమతాలకు మరొకటి, పత్తి-కంది కమతాలకు ఇంకొకటి వేర్వేరుగా పరిణామం చెందుతాయి. ఒక సమూహంలోని ప్రణాళికను లెక్కకట్టేటప్పుడు మిగిలిన సమూహాల ప్రతినిధులను పక్కన చేర్చి, క్లస్టర్ మొత్తానికి వచ్చే సరుకు, తోడే నీరు, ఆదాయం కలిపి చూస్తారు. మడికి ఒక జాబితా అన్న రూపం అదే, మడులను మార్చుకునే సంకరణం అదే, నీటి పరిమితి అదే. మారేవి పరిణామ క్రమం, ధర సూత్రం మాత్రమే. విద్యార్థులు మొదట రెండు కమతాలతో ఈ కూర్పును చేసి చూసి, సరుకు పెరిగిన కొద్దీ ధర ఎంత తగ్గుతుందో బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్ల రోజువారీ రాకల నమోదుల నుండి పంటవారీగా అంచనా వేసి దస్త్రంలో చేర్చుకోవలసి ఉంటుంది.